కొత్త మొక్కకు నీళ్లు పోసే ముందు వెలుతురు చూడండి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి చెప్పుకుందాం. కొండాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు, పడమటి బాల్కనీ. ఫిబ్రవరి చివర్లో నర్సరీ నుంచి మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, అరెకా పామ్, కలాథియా, క్రోటన్ తెచ్చి, ఐదింటినీ హాల్లో టీవీ పక్కన, సోఫా వెనుక సర్దారు. రోజూ పొద్దున్నే ఒక్కో దానికి గ్లాసెడు నీళ్లు పోస్తున్నారు. మూడు వారాలు తిరిగేసరికి పీస్ లిల్లీ తల వాల్చేసింది, క్రోటన్ ఆకులు రాలుస్తోంది, కలాథియా అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారాయి, అరెకా ఆకులు కొసల నుంచి మాడుతున్నాయి. మనీ ప్లాంట్ ఒక్కటే నిలకడగా ఉంది. ఎరువు వేయాలా, కుండీ మార్చాలా, నీళ్లు పెంచాలా అన్నది మీ ప్రశ్న.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు చేయవద్దు. ఐదు మొక్కలకూ ఐదు జబ్బులు వచ్చినట్టు కనిపిస్తున్నా, దాదాపు అన్నిటి వెనుకా ఉన్నది ఒకే కారణం: మొక్కకు అందే వెలుతురు ఒక్కసారిగా పడిపోయింది, నీళ్లు మాత్రం తగ్గలేదు. ఇంట్లో పెంచే మొక్కల విషయంలో నేను అందరికీ మొదట చెప్పే మాట ఇదే. ఎంత నీరు పోయాలో నిర్ణయించేది గడియారం కాదు, వెలుతురు.

నర్సరీలో ఈ మొక్కలు షేడ్‌నెట్ కింద పెరుగుతాయి. వెలుతురును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు; ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. సగం ఎండను ఆపే నెట్ కింద యాభై వేలు, ముప్పాతిక వంతు ఆపే నెట్ కింద పాతిక వేల లక్స్ మొక్కకు అందుతుంది. మీ సోఫా వెనుక మూలలో పట్టపగలు కూడా రెండు మూడు వందల లక్స్‌కు మించి ఉండదు. మన కళ్లు మసక వెలుతురుకు ఇట్టే అలవాటు పడతాయి కాబట్టి ఆ గది మనకు వెలుగుగానే తోస్తుంది, ఆకుకు మాత్రం అది చీకటితో సమానం. వెలుతురు తగ్గితే ఆకు తయారుచేసుకునే ఆహారం తగ్గుతుంది, ఆకుల గుండా ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, వేళ్లు పీల్చే నీరు కూడా తగ్గుతుంది. నర్సరీలో ఒక్క పూటలో తాగేసే నీటిని అదే మొక్క మీ హాల్లో వారం దాటినా తాగలేకపోవచ్చు. ఆ లోపల మీరు మరో ఏడు గ్లాసులు పోస్తారు.

వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఉన్న సందులన్నీ నీటితో నిండిపోతే వేళ్లకు ప్రాణవాయువు అందదు. ముందు సన్నని నూలు వేళ్లు చనిపోతాయి, తర్వాత తడిమట్టిలో ఉండే పిథియం వంటి సూక్ష్మజీవులు మిగిలిన వేళ్లను కుళ్లబెడతాయి. వేళ్లు లేని మొక్క నీటి మధ్యలో ఉన్నా తాగలేదు, అందుకే వాడిపోతుంది. అది దాహమనుకుని ఇంకాస్త నీళ్లు పోయడంతో కథ ముగుస్తుంది. కొత్తగా మొక్కలు పెంచేవారి ఇళ్లలో ఎక్కువ మొక్కలు పోయేది ఇలాగే. శ్రద్ధ లేక కాదు, ఆ శ్రద్ధ అంతా నీళ్ల రూపంలో కుండీలోకి దిగడం వల్ల.

కాబట్టి ఈరోజే పీస్ లిల్లీని చూడండి. ఈ మొక్క నిజంగా దాహం వేసినప్పుడు కూడా తల వాల్చేస్తుంది, నీళ్లు అందిన కొన్ని గంటల్లో తిరిగి నిలబడుతుంది. మట్టి తడిగా ఉండగానే వాలిందంటే మాత్రం వేళ్లను అనుమానించాలి. ఒక చేతి వేళ్ల మధ్య మొక్క మొదలును పట్టుకుని, కుండీని వాల్చి, రెండో చేత్తో అడుగున తట్టి మట్టిముద్దను మెల్లగా బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, గిల్లితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు ముదురు గోధుమరంగులో మెత్తగా ఉంటుంది. బొటనవేలితో లాగితే పైపొర తొడుగులా జారి చేతికి వస్తుంది, లోపల సన్నని దారం ఒక్కటే మిగులుతుంది. మట్టికి మురుగు వాసన ఉంటుంది. అలాంటి వేళ్లన్నిటినీ శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించి, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలో, కొత్త మట్టిలో నాటండి. వేళ్లు సగానికి తగ్గాయి కాబట్టి అడుగున పండుబారిన ఆకులను కూడా కోసేయండి. కుండీ మార్చవద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు. వేళ్లు బాగానే ఉంటే మట్టిముద్దను కదపకుండా తిరిగి కుండీలో పెట్టి, ఆరేదాకా నీళ్లు ఆపితే చాలు.

ఇక వెలుతురు సంగతి. కొలవడానికి పరికరం అక్కరలేదు. ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ, మొక్క పెట్టదలచిన చోట తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున మీ అరచేయి చాపండి. నీడ అంచులు స్పష్టంగా గీసినట్టు పడితే అక్కడ మంచి వెలుతురు ఉన్నట్టు. అలికినట్టు మసకగా పడినా అది చేయి అని పోల్చుకోగలిగితే మధ్యరకం. నీడ పడిందో లేదో తెలియకపోతే అక్కడ ఏ మొక్కా పెరగదు. జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ వంటివి తమలో దాచుకున్న నీటితో, ఆహారంతో నెలల తరబడి ఓర్చుకుంటాయి, అంతే. కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ వెలుతురు ఎంత వేగంగా తగ్గుతుందో ఈ పరీక్షను రెండు మూడు చోట్ల చేస్తే మీకే అర్థమవుతుంది. రంగు అద్దాలు, మందపాటి కర్టెన్లు, దుమ్ము పట్టిన పావురాల వల, ఇవన్నీ కలిసి మరికొంత మింగేస్తాయి. వలను నెలకోసారి తడిగుడ్డతో తుడవడం కూడా మొక్కల పెంపకంలో భాగమే.

దిక్కుల విషయంలో హైదరాబాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మనం పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి, సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు బాల్కనీలకు కూడా ఉదయం, సాయంత్రం నేరుగా ఎండ పడుతుంది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి దక్షిణపు కిటికీ నుంచి ఎండ గది లోపలికి చాలా దూరం వస్తుంది. తూర్పు బాల్కనీ ఉన్నవారు అదృష్టవంతులు, ఉదయపు నీరెండ దాదాపు అన్ని ఇంటి మొక్కలకూ సరిపోతుంది. మీ పడమటి బాల్కనీ విషయంలోనే జాగ్రత్త కావాలి. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మధ్యాహ్నం రెండు దాటాక వచ్చే ఎండ పీస్ లిల్లీ, కలాథియా ఆకులను ఒక్క రోజులోనే కాల్చేస్తుంది. కాలిన మచ్చ మళ్లీ పచ్చబడదు.

అందువల్ల బాల్కనీ తలుపుకు లోపలి వైపు, మూడు నాలుగు అడుగుల లోపు, పల్చటి తెల్ల కర్టెన్ వెనుక మొక్కలను చేర్చండి. అందరికంటే ముందు వరుసలో అరెకా, దాని పక్కన మనీ ప్లాంట్, కాస్త వెనుకగా పీస్ లిల్లీ, కలాథియా. క్రోటన్‌ను హాల్లో ఉంచవద్దు. దాని ఆకుల ఎరుపు, పసుపు రంగులు ఎండ ఉంటేనే నిలుస్తాయి, లోపల ఉంచితే ఆకులు రాల్చి కొత్తవి పచ్చగా వేస్తుంది. అది బాల్కనీ మొక్క. కానీ మూడు వారాలు నీడలో ఉన్న దాన్ని ఒక్కసారిగా ఎండలో పెట్టినా మాడుతుంది. మొదటి నాలుగైదు రోజులు బాల్కనీ గోడ నీడలో ఉంచి, తర్వాత రోజుకు గంట చొప్పున ఎండ పెంచుకుంటూ పోండి. పడమటి ఎండ మరీ తీవ్రంగా ఉంటే మీటరున్నర గ్రీన్ నెట్ కట్టడం మంచిది.

చోటు మారాక కూడా అడుగున ఒకటి రెండు ముదురు ఆకులు పసుపుబారతాయి. కంగారు పడవద్దు, మళ్లీ చోటు మార్చవద్దు. ఎక్కువ వెలుతురులో పుట్టిన ఆకు తక్కువ వెలుతురుకు పూర్తిగా సర్దుకోలేదు. మొక్క దాన్ని వదిలేసి, కొత్త చోటికి తగిన ఆకును వేసుకుంటుంది. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.

నీళ్ల విషయానికి వస్తే, రోజుకు గ్లాసు లెక్కను పూర్తిగా మానేయండి. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి తీసుకుని కుండీ అంచు పక్కగా అడుగు దాకా గుచ్చి, ఐదు నిమిషాలుంచి లాగండి. పుల్ల ఎంతవరకు తడిసి రంగు మారిందో, మట్టి ఎక్కడ అంటుకుందో చూస్తే లోపల తడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. పై పొరను వేలితో తాకి చెప్పడం సరిపోదు. ముఖ్యంగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పైన పొడిగా కనిపిస్తూనే లోపల పిండితే నీరు కారేంత తడిగా ఉంటుంది. పీస్ లిల్లీకి, కలాథియాకు పై అంగుళం ఆరాక. అరెకాకు పై రెండు అంగుళాలు ఆరాక. మనీ ప్లాంట్‌కు సగం కుండీ ఆరాక నీళ్లు పోయండి. స్నేక్ ప్లాంట్ కొంటే మట్టి పూర్తిగా ఆరనివ్వాలి. అది తన ఆకు రంధ్రాలను ప్రధానంగా రాత్రిపూటే తెరుస్తుంది కాబట్టి చాలా తక్కువ నీరు పోగొట్టుకుంటుంది. కొన్నాళ్లకు పుల్ల కూడా అవసరం ఉండదు, నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, ఆరాక ఒకసారి కుండీని ఎత్తి చూస్తే బరువు చేతికి గుర్తుండిపోతుంది.

పోసేటప్పుడు మాత్రం కొసరి కొసరి పోయకూడదు. అడుగు చిల్లుల నుంచి నీరు బయటికి వచ్చేదాకా నిదానంగా పోసి, కింది పళ్లెంలో చేరినదాన్ని అరగంటలో పారబోయండి. పళ్లెంలో నీరు నిలిస్తే వేళ్లకూ చేటు, ఇంటికీ చేటు. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇలాంటి మంచినీటి మడుగుల్లోనే గుడ్లు పెడుతుంది. సీసాలో నీటిలో పెంచే మనీ ప్లాంట్‌కు కూడా వారానికోసారి నీరు మార్చాలి. చిల్లులు లేని సిరామిక్ కుండీలలో నేరుగా నాటవద్దు. నర్సరీ వారి ప్లాస్టిక్ కుండీని అలాగే అందులో దించి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి. చిల్లు లేని కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మట్టి అడుగు పొరలో నిలిచే తడి రాళ్ల పైకి జరుగుతుంది, వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

మీ మొక్కల మట్టి ఎలా ఉందో మీరు రాయలేదు, కానీ అది తెలియాలి. హైదరాబాద్ నర్సరీలకు చాలా మొక్కలు రాజమహేంద్రవరం దగ్గరి కడియం నుంచి వస్తాయి. అక్కడి మొక్కల మొదళ్లలో గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉంటుంది. అది తడిసి ఉన్నంతకాలం జిగటగా నీటిని పట్టి ఉంచుతుంది, ఒకసారి పూర్తిగా ఎండితే గట్టిపడి కుండీ అంచుల నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీరు ఆ సందులోంచి జారి నేరుగా పళ్లెంలోకి వచ్చేస్తుంది, లోపల వేళ్లు ఎండుతూనే ఉంటాయి. పోసిన క్షణంలోనే నీరు కింద కారిపోతుంటే, కుండీని బకెట్టు నీటిలో అరగంట ఉంచి, ముద్ద లోపలిదాకా నానాక తీసి వార్చండి. పుణే వైపు నుంచి వచ్చే మొక్కలు చాలావరకు కోకోపీట్‌లో ఉంటాయి, వాటి లెక్క వేరు. ఒకే వరుసలో ఉన్న రెండు కుండీలు ఒకే రోజున ఆరవని చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

అరెకా కొసలు మాడటానికి, కలాథియా అంచులు ఎండటానికి మరో కారణం కూడా ఉండి ఉంటుంది: మీ నీరు. బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు అని రాశారు. మన నగరంలోని చాలా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. నీరు ఆవిరై పోతుంది, లవణం కుండీలోనే మిగులుతుంది. మట్టి మీద, కుండీ అంచు మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. రాత్రంతా బకెట్టులో నిలవ ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది గానీ కాఠిన్యం, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోవు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీరు వృథా అవుతోందని కొందరు మొక్కలకు పోస్తారు. అందులో లవణాలు మామూలు నీటికంటే ఎక్కువ గాఢంగా ఉంటాయి, కుండీలకు అది పనికిరాదు.

గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవారు ఇంకొక విషయం కనుక్కోవాలి. బోరు నీటి కాఠిన్యం తగ్గించడానికి చాలాచోట్ల సాఫ్ట్‌నర్ ప్లాంటు పెడతారు. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి స్థానంలో సోడియం వదులుతుంది. బట్టలకు, గీజరుకు అది మేలు; కుండీలోని మట్టికి, వేళ్లకు మాత్రం సోడియం కఠిన జలం కంటే హానికరం. మెయింటెనెన్స్ వారిని అడిగి, సాఫ్ట్‌నర్‌కు ముందు తోటకు వెళ్లే కుళాయి ఉంటే అక్కడి నుంచే నీళ్లు తెచ్చుకోండి. జలమండలి నుంచి వచ్చే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు బోరు కంటే సాధారణంగా మెరుగు. వాననీరు అన్నిటికంటే మేలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాల్కనీ అంచున ఒక టబ్బు పెట్టి పట్టుకుని మూత వేసి ఉంచండి. వేసవిలో ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దాన్ని శుభ్రమైన బకెట్టులో పట్టి, సగానికి సగం మామూలు నీటితో కలిపి కలాథియాకు, అరెకాకు వాడవచ్చు. నెలకోసారి మంచి నీటిని కుండీ పరిమాణానికి మూడు రెట్లు పోసి బయటికి పారనిస్తే, పేరుకున్న లవణం చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ పని మట్టి ఆరి, నీళ్లు పోయాల్సిన రోజున చేయాలి.

ఇక తేమ. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో మన ఊరి గాలిలో తేమ ముప్పై శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది, ఏసీ గదిలో గాలి ఇంకా పొడిబారుతుంది. వానల్లో తడిసే అడవుల నేల మీద పుట్టిన కలాథియాకు ఇది కష్టకాలం. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే ప్రభావం కొద్ది నిమిషాలే. మొక్కలను ఒకదానికొకటి దగ్గరగా గుంపుగా పెట్టండి. ఇంట్లో కూలరు వాడుతుంటే, గాలి నేరుగా తగలకుండా అదే గదిలో ఉంచండి. ఏసీ గాలి వీచే దారిలో మాత్రం ఏ మొక్కనూ పెట్టవద్దు. మరోమాట, ముందు ముందు కొనేటప్పుడు కలాథియాను వానలు మొదలయ్యాకే కొనండి. ఎండాకాలం ముంగిట్లో దాన్ని ఇంటికి తేవడం మీకూ, మొక్కకూ ఇబ్బందే.

పొడి వాతావరణంలో ఎర్రనల్లి వస్తుంది. అరెకా ఆకు అడుగుభాగాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పైన సూది పొడిచినట్టు లేత చుక్కలు, కింద సన్నని సాలెగూడు, తెల్ల కాగితం మీద దులిపితే కదిలే చుక్కలు కనిపిస్తే అది నల్లే. బాత్రూంలోకి తీసుకెళ్లి షవరుతో ఆకుల అడుగు గట్టిగా కడగండి, నాలుగు రోజులకోసారి మూడు నాలుగు సార్లు చేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఆకు మొదట్లో దూదిలాంటి తెల్ల ముద్దలుంటే అది పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటి తుడిచేయాలి. తర్వాత లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీటిలో కలిసేందుకు కొద్దిగా సబ్బు నీరు వేసి, సాయంత్రం పూట ఆకుల రెండు వైపులా చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. ఇకపై ఏ కొత్త మొక్క తెచ్చినా రెండు మూడు వారాలు పాతవాటికి దూరంగా విడిగా ఉంచండి. దానిలో పిండినల్లి దాగి ఉంటే, పాత కుండీలకు పాకేలోపే బయటపడుతుంది. చిన్న పిల్లలుంటే మనీ ప్లాంట్, పీస్ లిల్లీ వారికి అందనంత ఎత్తులో పెట్టండి; వాటి ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ సూదులు నోరు, గొంతు మండేలా చేస్తాయి.

ఎరువు, కుండీ మార్పు గురించి చివరగా. నీరసించిన వేళ్లకు ఎరువు వేస్తే మట్టిలో లవణం పెరిగి ఉన్న వేళ్లు కూడా కాలుతాయి. మొక్క కొత్త చిగురు వేసి, ఆ ఆకు పూర్తిగా విచ్చుకున్నాకే మొదలుపెట్టండి. గుప్పెడు వర్మీకంపోస్ట్ రెండు నెలలకోసారి, లేదా నీటిలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న) ఎరువు లీటరుకు ఒక గ్రాము చొప్పున నెలకోసారి, అంతకుమించి అక్కరలేదు. కొత్త ఆకులే పసుపురంగులో వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది మామూలు ఎరువుతో పోదు. కఠిన జలం వల్ల మట్టి క్షారగుణం పెరిగి ఇనుము అందడం లేదని అర్థం. దానికి చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము వాడాలి. బాగున్న మొక్కల కుండీలను జూలై, ఆగస్టుల్లో, గాలిలో తేమ ఉన్నప్పుడు, ఇప్పుడున్న దానికంటే ఒకటి రెండు అంగుళాలు మాత్రమే పెద్దవాటిలోకి మార్చండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కడిగిన కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు ముతక ఇసుక లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపితే సరిపోతుంది. ఒండ్రుమట్టి ముద్దను అలాగే దించితే లోపలి మట్టి, బయటి మట్టి వేర్వేరుగా ఆరుతాయి. ముందు నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండా బయటి పొరను మూడో వంతు వదులు చేశాక నాటండి.

ముందు పీస్ లిల్లీ వేళ్లు చూసి, ఎంత భాగం గట్టిగా మిగిలిందో, మట్టి జిగటగా ఉందో కోకోపీట్‌లా వదులుగా ఉందో రాయండి. మీ నీరు సాఫ్ట్‌నర్ గుండా వస్తోందా లేదా అన్నది కూడా కనుక్కుని చెబితే, అరెకా, కలాథియాలకు మట్టి కడగడం సరిపోతుందో, మట్టే మార్చాలో చెప్పగలను.